రంగం పోయిన ముత్తాతని ఎక్కడ వెతకాలి?

మీరు రాసినదాంట్లో నాకర్థమైంది ఇదీ. మీ నాన్నగారి తాతది శ్రీకాకుళం దగ్గర పల్లె. రంగూన్‌లో బియ్యం మిల్లు కూలీగా చేశాడు. జపాన్‌వాడు బాంబులు వేస్తే కొండలు దాటి నడిచి ఇంటికొచ్చాడని మీ ఇంట్లో చెప్పుకుంటారు. మీ దగ్గర మిగిలినవి ఒక టేకు పెట్టె, ఒక ఫోటో, అప్పలస్వామి అన్న పేరు. ఆ పేరు పెట్టి కంప్యూటర్లో ఎంత వెతికినా ఏమీ దొరకలేదు, ఇక దారి ఏమిటని అడిగారు.

నేను రిజిస్ట్రేషన్ శాఖలో గుమస్తాగా చేరి, రిటైరయ్యేదాకా పాత పుస్తకాల దుమ్ము పీల్చినవాణ్ణి. మాదీ రంగం పోయిన ఇల్లే. (మావైపు ముసలివాళ్ళు రంగూన్ అనరు, రంగం అంటారు.) మా ముత్తాతని వెతకబోయి పట్టుబడిన కిటుకులతో తర్వాత ఇంకో పదిళ్ళవాళ్ళకి సాయం చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు పేరు పెట్టి వెతకడం ఆపండి. సింహాద్రి అప్పన్న దయవల్ల మన జిల్లాల్లో వీధికి నలుగురు అప్పలస్వాములు. రంగూన్‌లో గుమస్తా తన చెవికి వినబడినట్టు రాసుకున్నాడు, ఇంటిపేరు అడగనే లేదు. అసలు రాసుకోవలసిన అవసరం కూడా ఎవరికీ లేదు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా మన దేశంలో ఒక రాష్ట్రం. కళింగపట్నంలోనో, భీమునిపట్నంలోనో, విశాఖలోనో, కాకినాడలోనో బి.ఐ. (బ్రిటిష్ ఇండియా) ఓడల కంపెనీ స్టీమరెక్కి డెక్కు మీద చాప పరుచుకుంటే, చట్టం దృష్టిలో అది కలకత్తా వెళ్ళినట్టే. పాస్‌పోర్టు లేదు, ఒప్పందం కాగితం లేదు.

అదే మీ ముత్తాత దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకి వెళ్ళి ఉంటే నా పని సులువయ్యేది. 1860 నవంబరులో మద్రాసు నుంచి డర్బన్ చేరిన ‘ట్రూరో’ ఓడ మొదలుకొని అక్కడికి వెళ్ళిన ఒప్పంద కూలీకి ఒక్కొక్కరికీ ఒక నంబరు ఉంది. తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు, అన్నీ రాసి పెట్టారు. మారిషస్, ఫిజీ వెళ్ళినవాళ్ళకీ అలాంటి జాబితాలున్నాయి. బానిసత్వానికి దగ్గరి బతుకు బతికినవాళ్ళకి కాగితం మిగిలింది, ‘స్వేచ్ఛగా’ వెళ్ళిన మనవాళ్ళకి మిగల్లేదు. దీన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వూ వస్తుంది, కడుపులోనూ మండుతుంది.

జనాభా లెక్కల్లో చూడొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ఇంగ్లండులో, అమెరికాలో చూస్తారు. మనదగ్గర ఇంటింటికీ తిరిగి రాసిన కాగితాలు లెక్కలు తీశాక ఉంచలేదు. 1931 లెక్కల్లో బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారనీ, రంగూన్ నగరంలో సగానికి పైగా మనవాళ్ళేననీ తెలుస్తుంది. ఆ సగంలో మీ అప్పలస్వామి ఒక అంకె, అంతే.

మరి ఎక్కడ దొరుకుతాడు? అప్పులో దొరుకుతాడు. నా సర్వీసంతా చూసి చెబుతున్నాను. కూలివాడి పేరు అతనికి డబ్బిచ్చినవాడి కాగితంలోనే నిలుస్తుంది. అక్కడికి తర్వాత వస్తాను, ముందు ఇంటి పని ముగించండి.

ఇంట్లో పెద్దవాళ్ళని ‘ఏ సంవత్సరం’ అని అడగొద్దు. అడిగితే ఏదో ఒకటి చెప్తారు, అది రాసుకుని మీరు పదేళ్ళు దారి తప్పుతారు. ‘ఆయన ఓడెక్కినప్పుడు తాత పుట్టాడా? పాకేవాడా? బళ్ళో వేశారా?’ అని అడగండి. ‘వచ్చినప్పుడు ఇంట్లో ఎవరి పెళ్ళి అయింది? ఏ పంట కోతల్లో ఉన్నారు?’ అని అడగండి. రంగూన్ మిల్లులకి సీజన్ సంక్రాంతి దాటాక మొదలై ఎండాకాలం చివరికి తగ్గిపోయేది. మన ఊళ్ళో వరికోతలు అయ్యాక పడవెక్కి, వానలకి తిరిగొచ్చేవాళ్ళు కొందరు. మూడు నాలుగేళ్ళు అక్కడే ఉండిపోయేవాళ్ళు కొందరు. మీ ముత్తాత ఏ రకమో తెలిస్తే తాత అక్కచెల్లెళ్ళ, అన్నదమ్ముల వయసుల మధ్య ఎడం కూడా దానికి సరిపోవాలి. పిల్లల మధ్య నాలుగేసి ఏళ్ళ ఖాళీలుంటే ఆ ఖాళీలు రంగంలో గడిచినవే అయ్యుండొచ్చు.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న, ‘మేస్త్రీ ఎవరు?’. మనవాళ్ళు ఒంటరిగా వెళ్ళలేదు. మేస్త్రీ ఊళ్ళోకొచ్చి అడ్వాన్సిచ్చి, ఇరవై ముప్ఫైమందిని జట్టుగా తీసుకుపోయేవాడు. అక్కడ కూలి డబ్బు మేస్త్రీ చేతిలోంచే రావాలి, అతను కోసుకున్నది పోగా. కూలివాడి పేరు ఎవరికీ గుర్తుండదు గాని మేస్త్రీ పేరు నాలుగూళ్ళకి తెలుసు. అతని వంశం వాళ్ళు ఇప్పటికీ ఎక్కడో ఉంటారు, చాలాచోట్ల పెద్ద మేడతో సహా. ఆ జట్టులో మిగిలినవాళ్ళ మనవల్ని పట్టుకుంటే మీ కథలో మీకు తెలియని సగం వాళ్ళ ఇంట్లో దొరుకుతుంది.

చోటు పేర్లు ఎలా పలికితే అలాగే రాసుకోండి, దిద్దకండి. ‘పజందాం’ లాంటిదేదో అన్నారంటే అది పజుండాంగ్, మిల్లులు వరసగా ఉండే వాగు ఒడ్డు. ‘దల’ అంటే నదికి ఆవలి ఒడ్డు, ఇరావతీ స్టీమర్ల కంపెనీ ఓడల మరమ్మతు యార్డు అక్కడ ఉండేది. ‘నూనె ఫ్యాక్టరీ’ అంటే వేరుశెనగ గానుగ అనుకునేరు, బహుశా రంగూన్ దగ్గరి సిరియంలోని కిరసనాయిలు శుద్ధి కర్మాగారం. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ‘మిల్లు’ అన్న ఒక్క మాట పట్టుకుని బియ్యం మిల్లే అనుకోవద్దు, రంపపు మిల్లులూ కొల్లలుగా ఉండేవి. మనవాళ్ళని అక్కడివాళ్ళు ఏమని పిలిచేవాళ్ళట అని కూడా అడగండి. ‘కోరంగీ’ అని జవాబొస్తే ఆశ్చర్యపోకండి. కాకినాడ దగ్గర ఒకప్పటి కోరంగి రేవు 1839 ఉప్పెనకి పాడుబడింది గాని, దాని పేరు వందేళ్ళ తర్వాత కూడా బర్మాలో తెలుగు కూలీలందరికీ అతుక్కునే ఉంది.

ఇప్పుడు ఆ ఫోటో. ముందు వైపు కంటే వెనక వైపు విలువెక్కువ. అట్ట మీద స్టూడియో ముద్ర ఉంటే వీధి పేరు దొరుకుతుంది. డల్హౌసీ వీధి, ఫ్రేజర్ వీధి, మొగల్ వీధి, ఇవన్నీ ఇప్పుడు వేరే పేర్లతో ఉన్నాయి (మహా బందూల, అనోరథ, ష్వే బొంతా), పాత రంగూన్ పటం పక్కన పెట్టుకుని చూడాలి. పెట్టెలో ఉత్తరం గాని, మనియార్డరు ముక్క గాని ఉంటే పోస్టాఫీసు ముద్ర చదవండి. ముద్ర చెరిగిపోతే స్టాంపు చూడండి. రాజు బొమ్మ మీద ‘బర్మా’ అని అడ్డంగా అచ్చు కొట్టి ఉంటే అది 1937 ఏప్రిల్ తర్వాతది. మామూలు ఇండియా స్టాంపయితే అంతకు ముందుది.

తేదీ తెలుగు సంవత్సరంలో ఉంటే జాగ్రత్త. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది. చిత్రభాను అంటే 1942 కావచ్చు, 1882 కావచ్చు. ప్రమోదూత 1930 కావచ్చు, 1870 కావచ్చు. ఒకాయన ఈ తేడా చూసుకోక తన ముత్తాతని ఆయన తండ్రికంటే ముందు పుట్టించేసి, వంశవృక్షం చట్రం కట్టించి హాల్లో తగిలించుకున్నాడు. నేను చెప్పాక దించాడు, పాపం.

ఇంటి పని అయ్యాక అప్పు దగ్గరికి రండి. ఓడ టిక్కెట్టుకీ, వెనక ఇంట్లో తిండికీ కూలివాడు డబ్బు ఎక్కడ తెస్తాడు? మేస్త్రీ అడ్వాన్సు చాలకపోతే ఉన్న పాతిక సెంట్లో, ఇంటి స్థలమో తాకట్టు పెడతాడు. తాకట్టు దస్తావేజు రిజిస్టరయితే దాని నకలు ఒకటో నంబరు పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం శాశ్వతంగా ఉంచాల్సింది. రుసుము కట్టి ఎవరైనా వెతికించుకోవచ్చు, మీకా ఆస్తితో సంబంధం ఉండక్కర్లేదు. కంప్యూటర్లో వచ్చే ఇ.సి. (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) 1983 నుంచే కాబట్టి ఆన్‌లైన్లో ఏమీ లేదని నిరుత్సాహపడకండి. మీరడగాల్సింది చేత్తో రాసిన ఇండెక్సులు. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్ల మీద, రెండోది ఆస్తి మీద ఉంటుంది. కూలివాళ్ళ విషయంలో రెండోదే నమ్మకం, ఎందుకంటే పేరు పది రకాలుగా రాస్తారు, ఊరు ఒక్కలాగే రాస్తారు. ఊరు పట్టుకుని 1920 నుంచి 1942 దాకా ఒక్కో ఏడూ చూడండి. మూడు రోజులు పడుతుంది. టీ ఫ్లాస్కు తీసుకెళ్ళండి. గుమస్తాతో మర్యాదగా ఉండండి, ఆ కుర్రాడికి ఇది రోజువారీ పని కాదు.

ఏ ఆఫీసుకి వెళ్ళాలో ముందు తేల్చుకోండి, సగంమంది తప్పేది ఇక్కడే. మీ ఊరు ఇప్పుడున్న సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఆ రోజుల్లో పుట్టి ఉండకపోవచ్చు, పాత పుస్తకాలు తల్లి ఆఫీసులోనే ఉంటాయి. జిల్లా సంగతి ఇంకా తికమక. శ్రీకాకుళం తాలూకా 1936 దాకా గంజాం జిల్లా. ఒరిస్సా విడిపోయినప్పుడు విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో గాని శ్రీకాకుళం జిల్లా కాలేదు. ఇంగ్లీషు కాగితాల్లో ఊరి పేరు చికాకోల్ అని ఉంటుంది. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్ళేవాళ్ళు ‘శ్రీకాకుళం’ అని వెతికి ఖాళీ చేతులతో రావడం నేను కళ్ళారా చూశాను.

దస్తావేజు దొరికితే మొదటి నాలుగు పంక్తులు బంగారం. ఫలానా వారి కుమారుడు, కులం, జీవనం, కాపురం అని ఉంటుంది. ఆ ‘జీవనం’ దగ్గర ఆగండి. మాది 1927 నాటి కాగితం, ఎనభై సెంట్ల మెరక అరవై రూపాయలకి తాకట్టు. జీవనం దగ్గర ‘రంగూన్ కూలి’ అని ఉంది. మా ముత్తాత గురించి ప్రపంచంలో ఎవరైనా రాసిన రెండే రెండు మాటలవి. కింద సాక్షుల పేర్లూ వదలొద్దు, వాళ్ళలో ఒకడు మేస్త్రీ అయ్యుండే అవకాశం బాగా ఉంది. వేలిముద్రలకి ఆఫీసులో విడిగా ఒక రిజిస్టరు ఉంటుంది, అది కూడా చూపించమని అడగండి.

భూమి అసలే లేని ఇల్లయితే ఈ దారి మూసుకుపోతుంది. అప్పుడు తాత చదివిన బడికి వెళ్ళండి. పాత ప్రాథమిక పాఠశాల అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి లేదా సంరక్షకుడి పేరు, వృత్తి ఉంటాయి. తాత ఒక్క ఏడాది బడికెళ్ళి మానేసినా చాలు. ఊరి జనన మరణాల రిజిస్టర్లు గ్రామ మునసబు దగ్గర ఉండేవి. కొన్నిచోట్ల తాలూకా ఆఫీసుకి చేరాయి, చాలాచోట్ల చెదలు తిన్నాయి, దొరికితే అదృష్టం. సర్వే కాగితాలు కావాలంటే మీది సర్కారు గ్రామమా, ఎస్టేటు గ్రామమా తెలుసుకోవాలి. సర్కారు గ్రామానికి డైగ్లాట్ అనే రెండు భాషల భూముల రిజిస్టరు ఉంటుంది. ఎస్టేటు, అంటే జమీందారీ గ్రామానికి 1948 జమీందారీ రద్దు చట్టం వచ్చాక చేసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అనే భూముల రిజిస్టరు ఉంటుంది. కూలివాడి విషయంలో వీటితో ఒరిగేది తక్కువ, ఇంటి స్థలం ఎక్కడుందో తెలుస్తుంది, అంతే. ఇంట్లో ఎవరైనా ‘పల్టన్లో చేరాడు, తిరిగి రాలేదు’ అంటే మాత్రం కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైటు చూడండి. అక్కడ భారతీయ సిపాయిల పేర్ల పక్కన చాలాచోట్ల తండ్రి పేరు, భార్య పేరు, ఊరు కూడా ఉంటాయి.

రంగూన్ వైపు కాగితాల్లో అతని పేరు దొరకదు గాని అతని రోజు దొరుకుతుంది. 1929లో వేసిన రాయల్ లేబర్ కమిషన్ బర్మాలో తీసుకున్న సాక్ష్యాలు ఒక విడి సంపుటం. రంగూన్‌లో భారతీయ కార్మికుల మీద ఆండ్రూ అనే అధికారి రాసిన పుస్తకం 1933లో అచ్చయింది. మేస్త్రీ ఎంత కోసుకునేవాడు, ఒక గదిలో ఎంతమంది పడుకునేవాళ్ళు, రేవులో పని ఎలా పంచేవాళ్ళు, అన్నీ వాటిలో ఉన్నాయి. తెలుగులో చదవాలంటే ఆంధ్రపత్రిక పాత సంచికలు ప్రెస్ అకాడమీ వాళ్ళు స్కాన్ చేసి పెట్టారు. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ ఫైళ్ళకి ‘అభిలేఖ్ పటల్’ అనే సైటుంది, చాలా ఫైళ్ళు ఇంట్లోంచే చదవచ్చు. అక్కడ మనిషి పేరు కాకుండా ఓడరేవు పేరు, ఏడాది కొట్టి చూడండి.

ఇక అసలు సంగతి, ఆ నడిచి రావడం. మీ మనసు కష్టపెట్టుకోకపోతే ఒకటి చెబుతాను. రంగం పోయిన ప్రతి ఇంట్లోనూ ముత్తాత నడిచే వచ్చాడు. నిజంగా నడిచినవాళ్ళు లేరని కాదు, భూమార్గాన ఇండియా చేరినవాళ్ళు నాలుగు లక్షల పైచిలుకు. కానీ మీ ముత్తాత వాళ్ళలో ఒకడా అన్నది తేల్చాలి. రంగూన్ మీద మొదటి బాంబులు 1941 డిసెంబరు 23న పడ్డాయి, నగరం జపాన్ వశమైంది 1942 మార్చి 8న. ఈ మధ్యలో ఓడ దొరికి వచ్చినవాళ్ళూ ఉన్నారు. నడిచినవాళ్ళలో ఒక గుంపు ప్రోమ్ నుంచి తౌంగప్ కనుమ దాటి అక్యాబ్, చిట్టగాంగ్ మీదుగా వచ్చింది, ఆ దారిలో కలరా తగిలింది. ఇంకో గుంపు తమూ మీదుగా మణిపూర్, డిమాపూర్ చేరింది. చివరిగా బయల్దేరినవాళ్ళు హుకాంగ్ లోయలో వానల్లో చిక్కారు. కాబట్టి ‘ఏ ఊరొచ్చాక రైలెక్కాడట?’ అని అడగండి. ఆ ఒక్క జవాబుతో దారి తెలిసిపోతుంది.

‘బాంబులు పడ్డ ఏడు’ అన్న మాటని మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా, కాకినాడ మీదా కూడా జపాన్ బాంబులు పడ్డాయి. మన ముసలివాళ్ళ జ్ఞాపకంలో ఆ బాంబులూ ఈ బాంబులూ కలిసిపోయాయి. అంతకు ముందు ఇంకో తిరుగు వలస ఉంది, దాన్ని అందరూ మర్చిపోయారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కాంట్రాక్టర్లు బర్మా వాళ్ళని పనిలోకి దించారు. రాజీ కుదిరి మనవాళ్ళు పనిలోకి రాగానే ఆ బర్మా వాళ్ళని పొమ్మన్నారు, 26న కొట్లాట మొదలై నగరమంతా పాకింది. తరుముకొచ్చారు, పారిపోయి వచ్చాడు అని మీ ఇంట్లో అంటూ, జపాన్ పేరు ఎత్తకపోతే, అది ఆ 1930 అయ్యుండొచ్చు.

మా ఇంట్లో జరిగింది అదే. చిన్నప్పటి నుంచీ మా ముత్తాత కొండలు దాటి నడిచొచ్చిన కథ వింటూ పెరిగాను. ఇండెక్సులో 1927 తాకట్టు తర్వాత ఇంకోటి కనబడింది. ప్రమోదూత కార్తీకం, అదే మెరక, రెండో తాకట్టు, కాపురం మా ఊరే. అంటే 1930 చివరికి ఆయన ఊళ్ళో ఉన్నాడు. ఈసారి జీవనం దగ్గర ‘కూలి’ అని మాత్రమే ఉంది, రంగూన్ లేదు. తర్వాత మా తాత బడి రిజిస్టరు దొరికింది, 1937. తండ్రి పేరు ముందు ‘కీర్తిశేషులు’. చనిపోయిన మనిషి 1942లో నడిచి ఎలా వస్తాడు?

మా నాన్నకి చెబితే రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

ముడి విప్పింది కాగితం కాదు. మా ముత్తాత తమ్ముడి మనవరాలు బొబ్బిలి దగ్గర ఉంటే వెళ్ళాను. ఆవిడ నోటి వెంట అదే కథ వచ్చింది, కాకపోతే ఊళ్ళ పేర్లతో సహా. నడిచొచ్చింది వాళ్ళ తాత, అంటే మా ముత్తాత తమ్ముడు. డిమాపూర్లో రైలెక్కి, కలకత్తాలో మారి వచ్చాడు. సొంత ఇంటికి వెళ్ళేముందు చచ్చిపోయిన అన్న ఇంటికి, వదినని పలకరించడానికి వచ్చాడు. గడ్డం పెరిగి, కాళ్ళు పుళ్ళు పడి, చీకటిపడే వేళ గుమ్మంలో నిలబడ్డ ఆ మనిషిని మా తాత చూశాడు. తండ్రి పోలికే కదా. మా తాత ముసలితనంలో, ఆయన జ్ఞాపకంలో ఆ తమ్ముడు తండ్రిగా మారిపోయాడు. మా తాత అబద్ధం చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు.

మీ ముత్తవ్వ గురించి మీరు ఒక్క ముక్క కూడా అడగలేదు, అందుకే నేనే ఎత్తుతున్నాను. రంగం వెళ్ళినవాడి భార్య ఊళ్ళో ఎలా బతికిందో కూడా మీ వెతుకులాటలో భాగమే. ఆవిడ పేరు దొరకడం ఇంకా కష్టం. 1951-52 మొదటి ఎన్నికల జాబితాల్లో చాలామంది ఆడవాళ్ళు ఫలానా వాడి భార్య, ఫలానా వాడి కూతురు అనే రాయించుకున్నారు. దేశం మొత్తం మీద దాదాపు 28 లక్షలమంది పేర్లు ఆ కారణంగా కొట్టేశారు. తాకట్టు విడిపించిన కాగితం దొరికితే డబ్బు కట్టింది ఎవరో చూడండి. మా మెరక విడిపించింది మా ముత్తవ్వ, 1944లో. డబ్బు ఎక్కడిదో ఇంతవరకు తేల్చలేకపోయాను, మరిది ఇచ్చి ఉంటాడని నా అనుమానం.

ముందుగా చేయాల్సింది మాత్రం ఇది. ఆ టేకు పెట్టె ఖాళీ చేసి, అడుగున అంటించిన కాగితం ఉందేమో చూడండి. చాలామంది పాత పత్రికలు పరిచేవాళ్ళు. ఉంటే పీకకండి, ఉన్నచోటే పగటి వెలుతురులో ఫోటో తీయండి. అట్ట ఫోటో వెనక వైపు కూడా అలాగే తీసి రెండూ పంపండి. మీ ఊరి పేరు, పక్క రెండూళ్ళ పేర్లు రాస్తే ఆ రోజుల్లో ఏ రిజిస్ట్రారు ఆఫీసు కింద ఉండేవో నేను చెబుతాను.